చెరసాల ఎదుటి వీధి

ఇంగ్లండు అనగానే మన పల్లెల్లో పెద్దవారికి మిషనరీ దొరలు, దొరసానులు, వారు కట్టించిన రాతి గుడులు, ఆసుపత్రులు జ్ఞాపకం వస్తాయి. ఆ దేశమంతా తెల్లవారే ఉంటారనీ, ఆదివారం గంట కొట్టగానే ఊరంతా గుడికి నడుస్తుందనీ నేటికీ అనుకునేవారున్నారు. అలాంటివారికి బర్మింగ్‌హామ్ నగరంలోని విన్సన్ గ్రీన్, దాని పక్కనే ఉన్న హ్యాండ్స్‌వర్త్ పేటల సంగతి తప్పక చెప్పాలి.

లండను తరువాత ఇంగ్లండులో పెద్ద నగరం బర్మింగ్‌హామ్. మన పిల్లలు పాఠాల్లో చదువుకునే ఆవిరియంత్రపు జేమ్స్ వాట్, ఆయన భాగస్వామి మాథ్యూ బోల్టన్ వ్యాపారం చేసింది ఈ ప్రాంతంలోనే. ఇద్దరి సమాధులూ హ్యాండ్స్‌వర్త్ సెయింట్ మేరీ చర్చిలో ఉన్నాయి. బోల్టన్ నివసించిన సోహో హౌస్ 1995 నుండి మ్యూజియంగా ఉంది. ఆ తరువాత ఫౌండ్రీలు, కార్ఖానాలు పెరిగాయి. కూలీల కోసం ఇటుక ఇళ్ళు వరుసలు వరుసలుగా కట్టారు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ, తలుపు తీస్తే వీధి. పక్కనే కాలువ, రైలుమార్గం. 1849లో అక్కడే పెద్ద చెరసాల కట్టారు. ఈనాటికీ "విన్సన్ గ్రీన్" అంటే ఇంగ్లండులో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ చెరసాలే.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ ఫౌండ్రీలకు, బస్సులకు, ఆసుపత్రులకు పనివారు చాలలేదు. బ్రిటను ఏలిన దేశాల ప్రజలు వచ్చి స్థిరపడే హక్కును 1948 నాటి చట్టం ధ్రువపరచింది. జమైకా, బార్బడోస్ వంటి దీవుల నుండి నల్లవారు వచ్చారు. పంజాబు నుండి సిక్కులు వచ్చారు. పాకిస్తాను ఏలుబడిలోని మీర్పూరు ప్రాంతంలో 1960లలో మంగళా ఆనకట్ట కట్టినప్పుడు ఊళ్ళు మునిగిపోయి, అక్కడి ముస్లిములు అనేకులు ఇక్కడికి చేరారు. ప్రాజెక్టుల కింద ఊళ్ళు పోగొట్టుకున్న మనవారికి ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు.

వచ్చినవారికి ఇల్లు దొరకడమే గండం. "నల్లవారికి ఇవ్వము" అని ముఖం మీదే తలుపు వేసేవారు. ఇళ్ళ విషయంలో, ఉద్యోగాల విషయంలో అలా చేయడం 1968లో గాని చట్టవిరుద్ధం కాలేదు. ఒక్కొక్క ఇంట్లో పదిమందికి పైగా మగవాళ్ళు సర్దుకునేవారు. రాత్రి డ్యూటీకి పోయినవాడి మంచం మీద పగటి డ్యూటీవాడు పడుకోవడం, అతడు లేవగానే ఇతడు వాలడం, ఇలా సంవత్సరాలు గడిపారు. నాలుగు రాళ్ళు సంపాదించుకొని స్వదేశం పోదామని వచ్చినవారే ఎక్కువ. అయితే 1962లో వలసలకు అడ్డుకట్ట వేస్తూ చట్టం వచ్చింది. తలుపులు మూసుకుపోతున్నాయని భయపడి భార్యాబిడ్డలను పిలిపించుకున్నారు. మనుషులు రాకుండా చేయాలని తెచ్చిన చట్టం, వచ్చిన మనుషులను అక్కడే కాపురం పెట్టించింది!

దీవుల నుండి వచ్చిన నల్లవారిలో అత్యధికులు క్రైస్తవులే. బైబిలు చేతపట్టుకొని మొదటి ఆదివారమే దగ్గరున్న గుడికి వెళ్ళారు. చాలాచోట్ల వారి పక్క బల్ల ఖాళీగా మిగిలింది. కొన్నిచోట్ల కాపరులే గుమ్మం దగ్గర కరచాలనం చేసి, మళ్ళీ రాకపోతే మంచిదని మెల్లగా చెప్పారు. చివరికి వారు ఇళ్ళల్లో, అద్దె హాళ్ళలో కూడుకోవడం మొదలుపెట్టారు. దగ్గరలోని వుల్వర్‌హాంప్టన్‌లో 1953లో అలా ఆరంభమైన న్యూ టెస్టమెంట్ చర్చి ఆఫ్ గాడ్ నేడు దేశమంతా వ్యాపించింది. తెల్లవారి గుడులు అనేకం మూతబడగా ఆ సంఘాలు నిండుగా ఉన్నాయి. ఈ సంగతి చదివి మనం తెల్లవారిని తప్పుపట్టడం తేలిక. మాల సంఘం, మాదిగ సంఘం అని వేరువేరుగా బల్ల దగ్గరకు వచ్చే ఊళ్ళు మనకెన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటే కొంచెం కష్టమౌతుంది.

ఆ జాడ్యం సముద్రం కూడా దాటింది. హ్యాండ్స్‌వర్త్‌లో గురుద్వారాలు అనేకం ఉండగా, గురు రవిదాస్ పేరిట వేరే భవనం ఒకటి ఉంది. రవిదాస్ చర్మకారుల కులంలో పుట్టిన భక్తుడు. పంజాబులో ఊరి వెలుపల బ్రతికిన ఆ కులంవారు ఇంగ్లండుకు వచ్చి, అందరితోపాటు అదే ఫౌండ్రీలో అదే ఇనుము కరిగించినా తమకంటూ ఒక చోటు కట్టుకోవలసి వచ్చింది.

అలాగని ఆ వీధుల్లో ఉన్నది ఎడబాటు ఒక్కటే కాదు. సోహో రోడ్డులో పంజాబీ మిఠాయి కొట్లు, చీరలు, గాజులు, నగల అంగళ్ళు, దీవులవారు తినే కర్రపెండలం, పచ్చి అరటికాయలు, వాటి పక్కనే పోలండువారి రొట్టెలు కనబడతాయి. ఆ రోడ్డు మీదనే ఉన్న పెద్ద గురుద్వారాలో ప్రతిరోజూ ఉచితంగా భోజనం పెడతారు. మతం అడగరు, పేరు అడగరు. తల కప్పుకొని, చెప్పులు విప్పి ఎవరైనా పంక్తిలో కూర్చోవచ్చు.

ఇక్కడ మన సంఘానికి సంబంధించిన ఒక వృద్ధుని గూర్చి చెప్పాలి. ఆయన బిషప్ లెస్లీ న్యూబిగిన్ గారు. 1936లో ఇండియాకు వచ్చారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మధుర బిషప్పుగా అభిషేకం పొందారు. తరువాత మద్రాసు బిషప్పుగా 1974 వరకు పరిచర్య చేశారు. పదవీ విరమణ చేసినప్పుడు ఆయనా, భార్య హెలెన్ అమ్మగారూ విమానమెక్కలేదు. రెండు పెట్టెలు, ఒక వీపుసంచి పట్టుకొని బస్సులు మారుతూ దేశాలు దాటుకుంటూ ఇంగ్లండు చేరారు. బర్మింగ్‌హామ్‌లో బోధకునిగా కొన్నేళ్ళు పనిచేశారు.

విన్సన్ గ్రీన్ చెరసాల ఎదుట ఒక చిన్న గుడి ఉండేది. సభ్యులు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. దాన్ని మూసివేయాలని ప్రస్తావన వచ్చినప్పుడు, పేదల పేట నుండి సంఘం పారిపోకూడదని న్యూబిగిన్ గారు వాదించారు. అయితే మీరే చూసుకోండి అన్నారు. డెబ్బై ఏళ్ళ వయస్సులో, జీతం లేకుండా, 1980లో ఆ సంఘానికి కాపరి అయ్యారు. బిషప్పు పదవి చేసినవాడు ఇంటింటి గుమ్మం తొక్కాడు. ఆయన రాసుకున్నదాని ప్రకారం, సిక్కు, ముస్లిం, హిందూ ఇళ్ళల్లో లోపలికి రమ్మని టీ ఇచ్చి మాట్లాడేవారు. మొహం మీద తలుపు వేసింది ఎక్కువగా తన జాతివారే. ఇండియా నుండి వచ్చాక మీకు ఏది కష్టంగా తోచిందని అడిగితే, ఇక్కడ నిరీక్షణ కనబడకపోవడమే అని చెప్పేవారు. మద్రాసు మురికివాడల్లో రేపటి మీద ఆశ చూసినవాడికి, తిండికి లోటులేని దేశంలో ఆ ఆశ లేకపోవడం దిగులు కలిగించింది.

ఆ దిగులుకు కారణం కళ్ళెదుటే ఉంది. 1980ల ఆరంభంలో ఫౌండ్రీలు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. తండ్రులను పని కోసం పిలిపించుకున్న పేటలో కొడుకులకు పని లేదు. 1985 సెప్టెంబరు 9న పోలీసుల మీద కోపం అల్లర్లుగా మండింది. తపాలా కార్యాలయం నడుపుకొనే ఇద్దరు అన్నదమ్ములు లోపలే చిక్కుకొని మంటల్లో చనిపోయారు. 2005లో ఆధారం దొరకని ఒక పుకారు మీద నల్లవారికీ ఆసియా వారికీ కొట్లాట జరిగి ఒక యువకుడు హతుడయ్యాడు.

అందుచేత 2011 ఆగస్టులో దేశమంతటా దోపిడీలు చెలరేగినప్పుడు విన్సన్ గ్రీన్ వణికింది. అది రంజాను నెల. పేటలోని ముస్లిం యువకులు డడ్లీ రోడ్డులో దుకాణాలకు కాపలా నిలబడ్డారు. ఆగస్టు 10 అర్ధరాత్రి దాటాక ఒక కారు వారిమీదికి దూసుకువచ్చి ముగ్గురు చనిపోయారు. చప్పుడు విని తారిక్ జహాన్ అనే ఆయన పరుగెత్తాడు. కిందపడిన ఒక అపరిచితునికి ఊపిరి పోయడానికి ప్రయత్నిస్తుండగా, వెనుక పడి ఉన్నది నీ కొడుకని ఎవరో చెప్పారు. కుమారుని పేరు హరూన్. తండ్రి చేతులూ, ముఖమూ రక్తమయ్యాయి.

కారులో వచ్చినవారు నల్లవారని మాట పాకింది. ఇక ఏమౌతుందో అందరికీ తెలుసు. తెల్లవారిన తరువాత తారిక్ వీధిలో నిలబడి, నల్లవారం, ఆసియా వారం, తెల్లవారం అందరం ఒకే పేటలో బ్రతుకుతున్నాం, ఒకరినొకరు ఎందుకు చంపుకోవాలి అని అడిగాడు. కొడుకులను పోగొట్టుకోవాలనుకునేవారు ముందుకు రండి, లేనివారు శాంతించి ఇళ్ళకు వెళ్ళండి అన్నాడు. యువకులు వెళ్ళిపోయారు. ఆ ఆదివారం సమ్మర్‌ఫీల్డ్ పార్కులో అన్ని మతాలవారు, అన్ని రంగులవారు వేలమంది కూడుకున్నారు.

హత్యా నేరం మోపబడిన ఎనిమిదిమందినీ 2012 జూలైలో కోర్టు నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఆ ముగ్గురి మరణానికి శిక్ష ఎవరికీ పడలేదు. అందరూ భయపడిన ప్రతీకారపు అల్లరి మాత్రం విన్సన్ గ్రీన్‌లో జరగలేదు.