స్థలం ఇంటివాళ్ళది, నడక ఊరివాళ్ళది

మున్సిపాలిటీ టౌన్‌ప్లానింగ్ సెక్షన్లో రిటైరైనవాణ్ణి. రోడ్డు మీదకు జరిగిన మెట్లు, సందులోకి పొడుచుకొచ్చిన బాల్కనీలు, మురిక్కాలువ మీద పరిచిన బండలు, వీటికి నోటీసులిస్తూనే నా సర్వీసు సగం గడిచిపోయింది. అందుకే ఇటలీలో చదువుకుంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడి చర్చిలకంటే ఇళ్ళ ముందు భాగాలనే ఎక్కువసేపు చూస్తూ నిలబడ్డాను. ఆ ఊరు బొలోన్యా.

అక్కడ పాత ఇళ్ళు వీధి అంచుదాకా వచ్చేస్తాయి, కానీ నేల మీద కాదు. పై అంతస్తు ముందుకొచ్చి స్తంభాల మీద నిలబడుతుంది. కింద కమానుల వరుస, నున్నటి గచ్చు, వచ్చేపోయే జనం. మన పల్లెల్లో ఒక బజారులోని వసారాలన్నిటికీ మధ్య అడ్డుగోడలు తీసేసి ఒకటిగా కలిపేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. వీటిని పోర్టికోలంటారు. ఊరంతా కలిపితే 62 కిలోమీటర్లు. నవంబరు ముసురులో రైలు దిగి, ఊరి నడిబొడ్డున ఉన్న పియాజ్జా మజ్జోరేకి దాదాపు తడవకుండానే నడిచి వెళ్ళాం. నా ఉద్యోగపు బుద్ధి మాత్రం ఒక్కచోటే పట్టుకుంది. ఇంతకీ ఈ స్థలం ఎవరిది? పట్టా ఎవరి పేరున ఉంది?

దీనికి జవాబు కావాలంటే మొదట్నుంచీ రావాలి. ఇక్కడ ముందు ఎట్రుస్కన్లు ఉండేవారు, వాళ్ళ తర్వాత బోయీ అనే గాల్ తెగ. వాళ్ళను ఓడించి రోమన్లు క్రీ.పూ. 189లో బొనోనియా పేరుతో కాలనీ పెట్టారు. రెండేళ్ళకే ఎమీలియస్ లెపిడస్ అనే కాన్సల్ రిమిని నుంచి పియాచెంజా దాకా తిన్నగా రోడ్డు వేయించాడు. అదే వియా ఎమీలియా. ఇవాళ్టికీ ఊరి మధ్య బజారు ఆ గీత మీదే నడుస్తోంది. లేఅవుటు అంటే అలా ఉండాలి మరి, రెండు వేల ఏళ్ళ తర్వాత కూడా ఎవరూ వంకర తిప్పలేకపోయారు.

రోమన్ల పనుల్లో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది మాత్రం నీళ్ళ సొరంగం. అగస్టస్ కాలంలో సెత్తా నది నుంచి కొండల అడుగున పద్దెనిమిది కిలోమీటర్ల మేర తవ్వి ఊరికి నీళ్ళు తెచ్చారు. రోము పడిపోయాక అది పాడుబడింది. వెయ్యేళ్ళు దాటాక, 1881లో, దాన్ని బాగుచేసి మళ్ళీ నీళ్ళు వదిలారు. ఊరికొచ్చే నీళ్ళలో కొంత భాగం ఇప్పటికీ ఆ దారినే వస్తోంది. వేసిన పైపు పదేళ్ళు నిలిస్తే గొప్పగా చెప్పుకున్న డిపార్టుమెంటు నుంచి వచ్చినవాణ్ణి, ఇంతకంటే ఏమీ అనలేను.

అసలు మలుపు విశ్వవిద్యాలయంతో వచ్చింది. అది 1088లో మొదలైందని లెక్క. యూరప్‌లో అన్నిటికంటే పాతది. జస్టీనియన్ చక్రవర్తి క్రోడీకరించిన రోమన్ న్యాయశాస్త్రాన్ని ఇర్నేరియస్ అనే పండితుడు ఇక్కడ పాఠం చెప్పడం మొదలెట్టాక ఆల్ప్స్ అవతలి నుంచి కూడా కుర్రాళ్ళు వచ్చిపడ్డారు. అప్పట్లో పెత్తనమంతా విద్యార్థులదే. వాళ్ళే సంఘాలు కట్టి, పంతుళ్ళను కుదుర్చుకుని, జీతాలిచ్చేవాళ్ళు. క్లాసుకి ఆలస్యంగా వచ్చిన పంతులికి జరిమానా వేసేవాళ్ళు. ఇది విని మా అమ్మాయి, "ఇప్పుడూ ఆ రూలుంటే బాగుణ్ణు నాన్నా" అంది.

ఇంతమంది వస్తే గదులెక్కడివి? పల్లెల నుంచి వచ్చే జనం వేరే. గోడలు కట్టిన ఊరు, అటూ ఇటూ జరగడానికి లేదు. ఇంటివాళ్ళు మాత్రం ఊరుకుంటారా? పై అంతస్తుల్లో దూలాలు పొడిగించి, వీధి మీదకు గదులు లాగి, అద్దెకిచ్చుకున్నారు. బరువు ఎక్కువైనచోట కింద కర్ర గుంజలు నిలబెట్టారు. మా భాషలో చెప్పాలంటే పచ్చి ఆక్రమణ.

మన దగ్గరైతే దీనికి రెండే దారులు: పొక్లెయినర్ తెచ్చి కొట్టేయడం, లేదా పెనాల్టీ కట్టించుకుని రెగ్యులరైజ్ చేసేయడం. బొలోన్యా నగరసభ మూడో దారి పట్టింది. 1288లో ఒక శాసనం చేసింది. కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళంతా పోర్టికో కట్టి తీరాలి, లేనివాళ్ళు సొంత ఖర్చుతో చేర్చుకోవాలి. పైన గదులు నీవే, కట్టుకో, అద్దెకిచ్చుకో. కింద మాత్రం జనానికి అడ్డు పెట్టకూడదు. ఎత్తు ఏడు బొలోన్యా అడుగులకు, అంటే 2.66 మీటర్లకు, తగ్గకూడదు. గుర్రం మీద మనిషి తల వంచకుండా పోవాలన్నది లెక్క. 1568లో పోపు తరఫు గవర్నరు కర్ర స్తంభాలు తీసి ఇటుకవో రాతివో పెట్టమన్నాడు.

అందరూ వినలేదులెండి. స్ట్రాడా మజ్జోరేలో ఇసొలాని ఇంటి ముందు పదమూడో శతాబ్దపు ఓక్ దూలాలు ఇంకా అలాగే ఉన్నాయి. స్తంభాలు తొమ్మిది మీటర్ల ఎత్తు. చెయ్యి వేసి చూశాను, కర్ర బీటలు వేలు దూరేంత ఉన్నాయి గానీ ఎక్కడా పుచ్చలేదు. పైకప్పు చెక్కల్లో మూడు బాణాలు గుచ్చుకుని ఉన్నాయంటారు. మా అమ్మాయికి రెండు దొరికాయి, నా కంటికి ఒక్కటే ఆనింది. ఎవడో అనుమానపు మొగుడు పెళ్ళాన్ని చంపమని ముగ్గురు విలుకాళ్ళను పంపితే, ఆవిడ కిటికీలో బట్టల్లేకుండా ప్రత్యక్షమైందని, వాళ్ళ గురి చెదిరి బాణాలు పైకి పోయాయని కథ. టూరిస్టులను నిలబెట్టడానికి అంతకంటే ఏం కావాలి?

ఇక పట్టా సంగతి. నేల ఇంటివాళ్ళదే, నడిచే హక్కు ఊరిది, మరమ్మతు మళ్ళీ ఇంటివాళ్ళ నెత్తినే. అమ్మాయి ఉండే ఇంటి ఓనరు పెద్దావిడ. "మీ స్థలమే కదమ్మా, ఒక గేటు పెట్టుకోకపోయారా?" అని అమ్మాయి చేత అడిగించాను. ఆవిడకు ప్రశ్నే అర్థం కాలేదు. గచ్చు లేచిపోయినచోట చెప్పు కొనతో నొక్కి చూపించి, ఈ పనితనం తెలిసిన మేస్త్రీలు దొరకడం లేదని, దొరికినా రేటు మండిపోతోందని చాలాసేపు వాపోయింది.

హక్కు జనానికిచ్చి ఖర్చు ఇంటివాళ్ళ మీద పెట్టిన ఆ పాత నగరసభకు లెక్కలు బాగా తెలుసు. 1256లో దాదాపు 5,800 మంది వెట్టివాళ్ళను దొరల దగ్గర్నుంచి డబ్బిచ్చి విడిపించింది. పెద్దలకు తలకి 10 లిరాలు, పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు 8. వాళ్ళ పేర్లు రాసిన పుస్తకానికి లీబెర్ పారడీసుస్ అని పేరు. దయ ఉండే ఉంటుంది, కానీ విడుదలైన ప్రతివాడూ రేపట్నుంచి పన్ను కడతాడన్న సంగతీ వాళ్ళకు తెలుసు. నాకిందులో తప్పేం కనబడలేదు.

1506 నుంచి పోపుల ఏలుబడి, మధ్యలో నెపోలియన్, 1860 నాటికి ఇటలీలో విలీనం. ఆ మూడున్నర శతాబ్దాల్లో ఊరు పెద్దగా పెరగలేదు. పెరిగింది పోర్టికోనే. 1674లో మొదలుపెట్టి ఊరి ద్వారం నుంచి కొండ మీది సాన్ లూకా మేరీమాత గుడి దాకా 666 కమానులు కట్టారు. సుమారు 3.8 కిలోమీటర్లు. 1433లో ఎడతెగని వానలు పంటలను ముంచేస్తుంటే కొండ మీది అమ్మవారి పటాన్ని ఊరేగింపుగా దించారట, వాన వెలిసిందట. అప్పట్నుంచి ఏటా దించుతారు, ఆ ఊరేగింపు తడవకూడదని ఈ కమానులు. ఖర్చు చందాలతోనే. చేతివృత్తుల సంఘాలు, కుటుంబాలు, చివరికి పనివాళ్ళు కూడా ఇచ్చారు.

రెండో ప్రపంచ యుద్ధం ఊరిని బాగా కొట్టింది. అపెన్నైన్ కొండల్లో జర్మన్లతో తలపడ్డవాళ్ళలో మన భారత సైనికులూ ఉన్నారు. వియా ఎమీలియా మీదే ఫోర్లీ అనే ఊళ్ళో వాళ్ళ సమాధులున్నాయి. 1945 ఏప్రిల్ 21న బొలోన్యా విముక్తమైంది. ఆ తర్వాత కమ్యూనిస్టు మేయరు జుసెప్పే దొజ్జా 1966 దాకా నడిపాడు. 1973లో పియెర్ లూయిజి చెర్వెల్లాతి అనే ఆర్కిటెక్టు ప్లానుతో పాత బస్తీ ఇళ్ళను కూల్చకుండా బాగుచేసి, అందులో ఉన్న కూలినాలి జనాన్ని అక్కడే ఉంచే పనికి పూనుకున్నారు. బాగుచేసిన పాత ఊరు అంటే పేదల్ని ఖాళీ చేయించిన ఊరని అనుకునే కాలంలో అదొక తెగువ. 1980 ఆగస్టు 2న, ఉదయం 10.25కి, నియోఫాసిస్టులు రైల్వే స్టేషన్లో పెట్టిన బాంబు 85 మందిని బలిగొంది. స్టేషన్ బయట గడియారం ఇప్పటికీ అదే టైము చూపిస్తుంది. 2021లో పోర్టికోలు యునెస్కో జాబితాలోకెక్కాయి. అందులో బార్కా పేటలోని అరవైల నాటి కాంక్రీటు క్వార్టర్ల వరండా కూడా ఉందని తెలిసి నాకు భలే సంతోషమేసింది. అచ్చం మన హౌసింగ్ బోర్డు సరుకే.

ఇప్పుడు ఊరికి రెండు తలనొప్పులు. ఒకటి గారిసెండా బురుజు. సుమారు నాలుగు డిగ్రీలు ఒరిగి, పన్నెండో శతాబ్దం నుంచి నిలబడింది. ఇంకా ఒరుగుతుందేమోనని పద్నాలుగో శతాబ్దంలోనే పైభాగం తీసేశారు, మిగిలింది 48 మీటర్లు. పునాది దగ్గర వాడిన సెలెనైట్ అనే జిప్సం రాయి క్షీణిస్తోందని 2023 అక్టోబరులో చుట్టూ దారులు మూసేసి, మరమ్మతు మొదలుపెట్టారు.

రెండోది అద్దెలు. పోర్టికోలను పుట్టించిన బాధే తిరిగొచ్చింది. యూనివర్సిటీలో తొంభై వేల మంది దాకా ఉన్నారు, మంచి ఇళ్ళన్నీ టూరిస్టులకు రోజువారీ అద్దెకు పోతున్నాయి. 2023లో కుర్రాళ్ళు గుడారాలు వేసుకుని పడుకుని నిరసన తెలిపారు. వియా జంబోనిలో ప్రతి స్తంభానికీ "గది కావాలి" కాగితాలే, కింద అంచున చించుకుపోవడానికి ఫోన్ నంబర్లు. మా అమ్మాయి ఇంకో ముగ్గురితో ఒక ఫ్లాట్లో సర్దుకుంది. సెప్టెంబరుకి కాంట్రాక్టు అయిపోతుందని ఇప్పట్నుంచే ఆ కాగితాలు చించుకుని జేబులో వేసుకుంటోంది.