చెరువు పెట్టె కాదు

హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) నీళ్ళొచ్చి అనంతపురం జిల్లా కణేకల్ చెరువు నిండితే కట్ట మీద రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. నీళ్ళు ఎన్నాళ్ళొస్తాయి? కట్ట ఆగుతుందా? డిగ్రీ పిల్లలు పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టి మర్నాడు మరిచిపోయే డబుల్ ఇంటిగ్రల్, ట్రిపుల్ ఇంటిగ్రల్ పాఠం ఈ రెండు ప్రశ్నల గురించే. తెలుగు పుస్తకాల్లో వీటిని బహుళ సమాకలనులు అంటారు. పేరు చూసి జడుసుకోనక్కర్లేదు. చోటుచోటుకూ మారే దాన్ని ముక్కలుగా కొలిచి కూడటం, అంతే.

అపోహ: విస్తీర్ణాన్ని లోతుతో గుణిస్తే చెరువులో నీళ్ళెన్నో తెలిసిపోతుంది.

ఏ లోతుతో? తూము దగ్గర నిలువెత్తు నీళ్ళుంటే, ఎగువన మేకలు దాటే చోట మోకాలు తడవదు. అడుగు లోతు తక్కువ వెడల్పాటి గిన్నెలా ఉంటే, అన్నిటికన్నా ఎక్కువ లోతుతో చేసిన గుణకారం చెప్పినదాంట్లో సుమారు సగమే నీళ్ళు. గరాటులా ఉంటే మూడో వంతే. అందుకని చెరువును గళ్ళుగా కోసుకుని, ప్రతి గడి వైశాల్యాన్ని అక్కడి లోతుతోనే గుణించి, అన్నీ కూడాలి. గళ్ళు ఎంత చిన్నవైతే లెక్క అంత నిజం. గడిని సున్నా దాకా కుదిస్తే వచ్చేదే ద్విసమాకలని. నిలువు స్తంభాలుగా కాకుండా జొన్నరొట్టెల దొంతరలా అడ్డపొరలుగా లెక్కించినా నీళ్ళు అవే వస్తాయి. ఈ వరస మార్పు ఎప్పుడు చెల్లుతుందో ఇటలీ గణితవేత్త గ్విడో ఫుబినీ 1907లో తేల్చాడు. ఎప్పుడూ చెల్లుతుందనుకోవడం ఇంకో అపోహ. వరస మారిస్తే ఒకవైపు పై బై నాలుగు, రెండోవైపు మైనస్ పై బై నాలుగు వచ్చే ప్రమేయాలున్నాయి. చెరువులో అలాంటి తంటా లేదు, లోతు ఎక్కడా అనంతం కాదు కాబట్టి.

అపోహ: ఒకసారి కట్టిన డ్యాము కెపాసిటీ మారదు.

హెచ్చెల్సీకి నీళ్ళిచ్చే తుంగభద్ర డ్యామునే చూడండి. 1953లో దాని సామర్థ్యం 132.47 టీఎంసీలు. పూడిక చేరి 2008 సర్వేలో 100.86కు దిగింది. 2016 సర్వేలో మళ్ళీ 105.79 అయింది. ఎనిమిదేళ్ళలో అంత పూడిక కొట్టుకుపోయిందా? లేదు. అడుగును ఎన్ని చోట్ల, ఏ పద్ధతిలో కొలిచారన్నది మారితే మొత్తమూ మారుతుంది. తేడా దాదాపు 5 టీఎంసీలు. టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు, కాబట్టి అది 14 కోట్ల ఘనపు మీటర్ల నీళ్ళ మాట. ఏ రిజర్వాయరు అడుగుకూ పుస్తకంలో సూత్రం ఉండదు. సమాకలని అంటే ఎక్స్, వై లతో రాసిన సూత్రం ఉండి తీరాలనుకునే విద్యార్థి ఇది గమనించాలి.

అపోహ: చెరువు ఎంత దూరం పరుచుకుంటే కట్ట మీద అంత తోపుడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన అపోహ ఇదే, ఎందుకంటే చూసేవాళ్ళందరికీ నిజమే అనిపిస్తుంది. కానీ నీటి ఒత్తిడికి లోతు తప్ప ఇంకేమీ తెలియదు. ఫ్లెమిష్ గణితవేత్త సైమన్ స్టెవిన్ 1586లోనే ఈ మాట చెప్పాడు. మీటరు పొడవు కట్ట మీద రెండు మీటర్ల నీళ్ళు నిలిస్తే తోపుడు రెండు టన్నులు. లోతు నాలుగు మీటర్లయితే నాలుగు టన్నులు కాదు, ఎనిమిది. ఆరయితే పద్దెనిమిది. వెనక మైలు పొడవు నీళ్ళున్నా, ఎకరం కుంటే ఉన్నా, లోతు ఒకటైతే తోపుడూ ఒకటే. కట్ట పొడుగునా లోతు మారుతుంది గనక మొత్తం తోపుడుకు కట్ట ముఖమంతటా సమాకలనం చెయ్యాలి. ప్రతి మీటరు కట్ట మీదా తోపుడు అక్కడి నీటి లోతులో అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో పనిచేస్తుంది. గాలికి లేచే అలల సంగతి వేరు. అవి పెద్ద చెరువులోనే పెద్దవి, కట్టకు రాతి పరుపు అందుకే.

అపోహ: సగటు గాలి తెలిస్తే గాలిమర ఎంత కరెంటిస్తుందో తెలుస్తుంది.

ఇదే కూడిక చెరువు దాటి గాలికీ పనికొస్తుంది. గాలిలోని శక్తి వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది. సగం రోజు సెకనుకు 4 మీటర్లు, సగం రోజు 8 మీటర్లు వీస్తే సగటు 6, దాని ఘనం 216. ఘనాల సగటు మాత్రం 288. అంటే మూడో వంతు ఎక్కువ. రెక్కలు తిరిగే వలయమంతటా, రోజంతటా కూడితే అది మూడు సమాకలనాల పని. హగరి ఏటి ఇసుకను లేపి బొమ్మనహాళ్, కణేకల్ పొలాల మీద దిబ్బలు పోసే గాలి లెక్కా దాదాపు ఇదే. ఎడారి ఇసుక మీద 1941లో పుస్తకం రాసిన బ్యాగ్నాల్డ్ సూత్రంలోనూ ఘనమే ఉంది. నెల రోజుల పిల్లగాలి చెయ్యని పని రెండు రోజుల ఈదురుగాలి చేస్తుంది.

అపోహ: మండలంలో 20 మిల్లీమీటర్లు పడిందంటే మన చేలోనూ అంతే పడినట్టు.

మిల్లీమీటరు వాన ఎకరానికి సుమారు నాలుగు వేల లీటర్లు. మండలానికి ఎన్ని నీళ్ళొచ్చాయో తేల్చాలంటే వానను నేలంతటా సమాకలనం చెయ్యాలి. చేతిలో ఉన్నవి కొన్ని వానమాపకాలే. 1911లో అమెరికా వాతావరణవేత్త థీసెన్ ఒక ఉపాయం చెప్పాడు: ప్రతి మాపకానికీ దగ్గరగా ఉన్న నేలనంతా దాని పేరన రాసి, ఆ వైశాల్యంతో గుణించి కూడటం. ఉపాయం మంచిదే, నేల చదునుగా ఉండి వాన ముసురులా పట్టినప్పుడు. గట్టుకు ఇవతల కురిసి అవతల ఎండ కాసే మన వానకు అది చాలదు. కరువు మండలాల ప్రకటనకు చూసేవాటిలో వర్షపాతం ఒకటి. మాపకం ఉన్న ఆఫీసు ఆవరణలో పడిన జల్లు ఎదుటి సెనక్కాయ చేలో పడకపోయినా, కాగితం మీద ఆ చేనుకూ పదునైనట్టే.