తుపాను హెచ్చరిక వస్తే గాలి మొదలయ్యేలోపే ముగించాల్సిన పనులు

కోస్తా జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానులు ఎక్కువ. సార్వా వరి కోతకొచ్చే రోజులు కూడా ఇవే. గేదె అరుస్తోందనో, కుప్ప మీద పరదా లేచిపోయిందనో, మోటారు మునుగుతోందనో రైతు గాలివానలో బయటికి వెళతాడు. ప్రాణం మీదికి వచ్చేది అప్పుడే. అలా వెళ్లాల్సిన అవసరం రాకుండా ముందు రోజు పగలే పనులు ముగించుకోవాలి.

ముందుగా పశువులు. పల్లపు చేలల్లో, బలహీనమైన పాకల్లో, చెట్ల కింద కట్టేయకండి. మెరకకు తోలండి. రెండు మూడు రోజులకు సరిపడా ఎండుగడ్డి తడవనిచోట పెట్టండి. నీరు చేరే అవకాశం ఉంటే పలుపులు విప్పి వదిలేయడమే మేలు. కట్టేసిన పశువు ఈదలేదు. విప్పితే ఎటు పోతుందోనని చాలామంది వెనకాడతారు, కానీ తప్పిపోయిన గేదెను వెతుక్కోవచ్చు.

కోత ఇంకా మొదలుపెట్టకపోతే ఆపండి. కోసి ఉంటే కుప్ప వేసి, పరదా అంచులను తాళ్లతో బిగించండి. మోటారు స్టార్టరు ఆపేయండి.

పట్టాదారు పాస్‌పుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ కవరులో కట్టి దగ్గర పెట్టుకోండి. తాగునీరు, మందులు, టార్చి, ఛార్జింగ్ పెట్టిన ఫోను కూడా. పూరిల్లు, రేకుల ఇల్లు అయితే చీకటి పడకముందే తుపాను రక్షణ కేంద్రానికి చేరాలి. తీర గ్రామాల్లో గాలి కంటే ఉప్పెన ప్రమాదం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది అదే.

గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుపాను పోయిందనుకోవద్దు. తుపాను కన్ను మీ ఊరి మీద ఉండొచ్చు. 2014లో హుద్‌హుద్ విశాఖను దాటినప్పుడు అలాగే కాసేపు నెమ్మదించి, తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడింది. రేడియోలోనో, సచివాలయ సిబ్బందో చెప్పేదాకా లోపలే ఉండండి.

తెల్లారాక చేలోకి వెళ్లేటప్పుడు తెగిన తీగలు కనిపిస్తే, కరెంటు లేదని తెలిసినా తాకకండి. 1912కు ఫోన్ చేయండి. తడిసిన స్టార్టరును లైన్‌మన్ చూసేదాకా ముట్టుకోవద్దు. గడ్డివాముల్లో పాములు చేరతాయి, కర్రతో కదిపి చూడండి. తడిసిన పనలు మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లాలి. పంటల బీమా ఉన్నవారు ఫొటోలు తీసుకుని, నష్టాన్ని 72 గంటల్లోగా తెలియజేయాలి.