కీలుకు పట్టిన పాచి

మా నాయనమ్మకు తుంటిలో లోహపు కీలు వేశారు. కొన్నాళ్ళకు జ్వరం, చీము. మందు వాడితే తగ్గేది, ఆపితే మళ్ళీ మొదలు. "మందు నకిలీదేమోరా" అనేది. కాదు. చర్మంమీద మామూలుగా బతికే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ వంటి బాక్టీరియా లోహాన్ని అంటుకుని, జిగురు స్రవించి, అందులో కాపురం పెడతాయి. ఇదే బయోఫిల్మ్. మన మాటల్లో పాచి. కాలువ రాతిమీదా, పంటిమీదా ఉండేదే. కాస్టర్టన్ బృందం 1978లోనే దీన్ని వివరించింది.

విడిగా తేలే క్రిములు మందుకు చస్తాయి. పాచి అడుగున తిండి, ఆక్సిజన్ చాలక మందకొడిగా పడివున్నవి చావవు. పెన్సిలిన్ జాతి మందులు పెరిగే కణాన్నేగదా దెబ్బతీసేది! విచిత్రమేమంటే, అవే పాచి వదిలి బయటికొస్తే చాలావరకు మామూలు మోతాదుకే లొంగుతాయి.

అందుకే చివరికి కీలునే తీసేశారు. కొత్తదానికోసం నాయనమ్మ ఎదురుచూస్తోంది.