పుట్టిలో సైకిలు

పాతబస్తీలో సైకిలు కొని కృష్ణ యొడ్డు పల్లెలకు తీసికొనిపోవు సభ్యులు కొందఱు, గాలి నింపెడు చిన్న పడవపై దానిని ఏఱు దాటింపవచ్చునా యని యడుగుచున్నారు. దాటింపవచ్చును, మూసీలో మాత్రము వలదు. 1578లో కట్టిన పురానాపూలు ఉండగా ఆ మురుగునీట దిగ నేల? పైని ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు గేట్లెత్తిన దినములలో అసలే కూడదు.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. పదునేడవ శతాబ్దమున గోలకొండ రాజ్యమున సంచరించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఎద్దుతోళ్లు కప్పిన బుట్టపడవలను వర్ణించినాడు. సరకు తడియకుండ అడుగున పుల్లలమోపులు పఱచెడివారట. బండ్లను రెండు పుట్టుల నడుమ కట్టి దాటించెడివారట.

నేటి గాలిపడవలో బరువు చిక్కు కాదు. సైకిలు సాధారణముగా ఇరువది కిలోల చుట్టుప్రక్కల నుండును. మొనలే చిక్కు. పెడళ్లు విప్పి, ముందు చక్ర మూడదీసి, గొలుసునకు గోనెపట్టా చుట్టి, అడుగున పరుండబెట్టవలెను. నిలువబెట్టినచో పడవ యొరగును. ఒక్క లాగుతో వీడు ముడి వేయుడు. త్రాటి కొసను నడుమునకు చుట్టుకొనరాదు. పడవ బోర్లపడినచో ఇనుము మనుష్యుని లోనికి లాగును.

ఇక ఖర్చు. విదేశపు గాలిపడవ మనబోంట్లకు అందనిది. లారీ ట్యూబుల తెప్ప చౌకయే కాని, ఒక ట్యూబు పగిలిన తక్కినవి ఒరిగిపోవును. నేను దానిని మెచ్చను. పుట్టివానికి కూలి యిచ్చి దాటి, మిగిలిన రూకలతో లైఫ్ జాకెట్టు కొనుడు. వఱద చూచి పుట్టివాడు రానన్ననాడు సైకిలును గట్టుననే యుంచుడు.