చీరకు పది కొట్లు... కరెంటుకు ఒకటే!

చీర కొనాలంటే ధర్మవరంలో పది కొట్లు తిరుగుతాం. గంపెడు టమాటాలకు కూడా నాలుగు చోట్ల బేరమాడతాం. మరి కరెంటో? తనకల్లులో పిండిమర పెట్టుకున్న ఇల్లాలికైనా, మోటారు మిషను మీద జాకెట్లు కుట్టే అమ్మాయికైనా ఒకటే దుకాణం: దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. బిల్లు ఎంతొస్తే అంతా కట్టాల్సిందే.

పెద్ద ఫ్యాక్టరీల సంగతి వేరు. 1 మెగావాట్‌కు మించి కరెంటు అవసరమైనవాళ్లు నచ్చినచోట కొనుక్కునే వీలు 2003 విద్యుత్ చట్టంతో వచ్చింది. దీన్నే ‘ఓపెన్ యాక్సెస్’ అంటారు. ఎండ, గాలి వంటివాటితో తీసే కరెంటుకు ఆ హద్దును కేంద్రం 2022లో 100 కిలోవాట్లకు దించింది. స్తంభాలు, తీగలు పాతవే. వాటిని వాడుకున్నందుకు పంపిణీ సంస్థకు ఛార్జీ కట్టాలి, అంతే.

బాగానే ఉంది. కానీ మన పిండిమర మోటారు 10 హార్స్‌పవర్ అనుకోండి, అంటే ఏడున్నర కిలోవాట్లు. ఆ హద్దు అందుకోవాలంటే అలాంటి మరలు పద్నాలుగు ఒక్కరి చేతిలోనే ఉండాలి! మా కదిరి ప్రాంతంలోని నంబులపూలకుంటలో 2016లోనే ఎన్టీపీసీ 250 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం వచ్చింది. ఎండ మనదే, నేల మనదే. ఎంచుకునే హక్కు మాత్రం పెద్ద మీటరున్నవాళ్లది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఫ్యాక్టరీలు యూనిట్‌కు ఎక్కువ ధర కడతాయి. ఆ అదనంతోనే చిన్న ఇళ్ల బిల్లుల భారం కొంత తగ్గుతుంది. వాళ్లు వెళ్లిపోతే ఆ బరువు ఎవరి నెత్తినపడుతుంది? అందుకే వెళ్లేవాళ్ల మీద ‘క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ’ వేస్తారు. వాళ్లకది జరిమానాలా తోచవచ్చు. నాకైతే వేరుపడే పెద్దకొడుకు ఇంటి అప్పులో తన వాటా తీర్చి వెళ్లడంలా అనిపిస్తుంది.

పోనీ, అందరికీ ఎంపిక ఇచ్చేస్తే? బ్రిటన్‌లో 1990లో 1 మెగావాట్ దాటినవాళ్లకు, 1994లో 100 కిలోవాట్లు దాటినవాళ్లకు, 1998-99లో ఇళ్లకు కూడా ఇచ్చారు. 2021లో గ్యాస్ ధరలు మండిపోయేసరికి అక్కడ చాలా చిన్న సరఫరా కంపెనీలు మూతపడ్డాయి. కొట్లు ఎక్కువైనంత మాత్రాన ధర తగ్గిపోదన్నమాట.

అయితే మన చేతిలో ఏమీ లేదా? ఉంది. ధరలు ఖరారు చేసేముందు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ప్రజల అభ్యంతరాలు పిలుస్తుంది, బహిరంగ విచారణ జరుపుతుంది. అక్కడ పరిశ్రమలవాళ్లు మాట్లాడతారు, రైతు నాయకులు మాట్లాడతారు. పిండిమర ఇల్లాలి మాట ఎవరు చెబుతారు? పొదుపు సంఘంలో పైసా పైసా లెక్కరాసే చేతులు మనవి. ఓ తెల్లకాగితం మీద మన లెక్క కూడా రాసి పంపుదాం. దుకాణం మార్చుకునే వీలు లేనప్పుడు, ధర ఎందుకింతని అడగడమైనా మానకూడదు కదా!