పాత సర్వర్‌ను కంటైనర్‌లో పెడితే కొత్తదైపోతుందా?

నరసరావుపేట కాలేజీ ల్యాబైనా, పిడుగురాళ్ల సున్నం మిల్లు ఆఫీసైనా, ఎవరో అమర్చి వెళ్లిపోయిన సర్వర్‌కు ఇప్పుడు ఒకటే చిట్కా వైద్యం: రూట్ మొత్తం టార్ చెయ్యి, డాకర్ ఇంపోర్ట్ కొట్టు. ‘సెంటాస్ 7కి అప్‌డేట్లు ఆగిపోతే ఏందన్నా, కంటైనర్లో పెట్టినాక సేఫే’ అని పైగా భరోసా.

సేఫ్ కాదు. కంటైనర్‌కు సొంత కెర్నల్ ఉండదు, హోస్ట్‌దే వాడుకుంటుంది. కొత్త మెషీన్ మీదికి తెచ్చినా కొత్తదయ్యేది ఆ కెర్నల్ ఒక్కటే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, అపాచీ, పీహెచ్‌పీ పాతవే. 2024 జూన్ 30తో సెంటాస్ 7 గడువు తీరింది. ఆ తర్వాత బయటపడిన లోపాలన్నీ ఇమేజిలో పదిలం. సెంటాస్ 6 వాళ్ల సంగతి ఇంకా విడ్డూరం. చాలా కొత్త కెర్నల్‌ల మీద బ్యాష్ కూడా లేవదు, సెగ్‌ఫాల్ట్. లేపాలంటే హోస్ట్ బూట్ లైన్లో విసిస్‌కాల్ ఎమ్యులేషన్ పెట్టాలి, అంటే పాతదాని కోసం కొత్త మెషీన్‌నే బలహీనం చేయాలి.

అసలు ముప్పు టార్‌లో చడీచప్పుడు లేకుండా వచ్చే సరుకు: ఎస్‌ఎస్‌హెచ్ కీలు, షాడో ఫైలు, బ్యాష్ హిస్టరీలో ఎవరో టైప్ చేసిన డేటాబేస్ పాస్‌వర్డు. ఇవన్నీ ఉన్న ఇమేజిని డాకర్ హబ్‌కి పుష్ చేస్తారు. సెట్టింగ్ ముట్టుకోకపోతే ఆ రిపో పబ్లిక్. ‘తర్వాత డిలీట్ చేశాంగా’ అంటారు. పై లేయర్లో ఆర్‌ఎం కొడితే కంటికి కనపడదంతే, కింది లేయర్లో ఫైలు అలాగే ఉంటుంది. కావలసినవాడు తీసుకుంటాడు.

డేటాబేస్ నడుస్తుండగానే టార్ చేయొచ్చట. చేయొచ్చు, తిరిగి తెరుచుకోవడం మీ అదృష్టం. డాకర్ కమిట్‌లో వాల్యూమ్ కూడా వస్తుందట. రాదు. కంటైనరంటే చిన్న వర్చువల్ మెషీనట. డాకర్ వచ్చిన 2013 నుంచీ వింటున్న పాటే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. ఎలా అమర్చారో చెప్పేవాళ్లు లేక, డిస్క్ మూలుగుతుంటే, టార్ చేయడం తప్పు కాదు. ఆ ఇమేజిని నెట్‌వర్క్ తీసేసి నడపండి, లోపల ఏముందో చూడండి. అంతవరకే దాని పని.

ఆర్‌పీఎం వెరిఫై కొడితే ప్యాకేజీల్లో ఏ కాన్ఫిగ్ ఫైళ్లు మారాయో బయటపడుతుంది. క్రాన్‌ట్యాబ్ మర్చిపోకండి. డేటాబేస్‌ను డంప్ తీసి విడిగా ఉంచండి. కొత్త బేస్ ఇమేజి మీద ఆ మార్పులే డాకర్‌ఫైల్లో రాసుకోండి, పాస్‌వర్డులన్నీ మార్చండి. ఈలోగా ఆ టార్ ఫైలు ఎవరెవరి పెన్‌డ్రైవుల్లో తిరుగుతోందో కనుక్కోండి.